లక్షన్నర డబ్బాలో ఏముంది?

మా నాన్న రిటైరయ్యాక తన కోసం కొనుక్కున్న ఒకే ఒక్క ఖరీదైన వస్తువు ఒక మ్యూజిక్ స్ట్రీమరు. అక్షరాలా లక్షన్నర. ఆయన జీవితంలో బండి కూడా అంత పెట్టి కొనలేదు. హైదరాబాదులో ఒక పెద్ద షాపులో సోఫాలో కూచోబెట్టి, కాఫీ ఇచ్చి, ఘంటసాల పాట పెట్టి, "గొంతు ఎంత దగ్గరగా వినబడుతోందో చూశారా సార్, అదీ స్ట్రీమర్ మహిమ" అన్నాట్ట సేల్స్ కుర్రాడు. పక్కనున్న నాలుగు లక్షల స్పీకర్ల మహిమ అని మాత్రం అన్లేదు.

మూడేళ్లు బాగానే పాడింది. నాలుగో ఏడు ఆ కంపెనీవాడు పాత మోడళ్లకి సర్వరు ఆపేశాడు. ఆపేస్తే మనకేంటి, పాటలు మన ఇంట్లో హార్డుడిస్కులోనే ఉన్నాయిగా అనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు. మన డిస్కులో మన పాట పాడాలన్నా ఆ డబ్బా ముందు వాడి సర్వరులో లాగినవ్వాలి! ఈ ముక్క కొనేటప్పుడు ఎవడూ చెప్పడు. దాంతో అది టీవీ పక్కన ఒక అల్యూమినియం ఇటుక అయి కూచుంది.

ఆ డిస్కులో మా నాయనమ్మ పాడిన మంగళహారతులున్నాయి. ఇంజినీరింగ్ రెండో ఏడు సెలవుల్లో కేసెట్ నుంచి నేనే ఎక్కించాను. ఇప్పుడు నాయనమ్మా లేదు, కేసెట్టూ బూజు పట్టిపోయింది. నాన్న ఫోన్ చేసి, "మీ నాయనమ్మ పాటలు కూడా పోయాయా రా?" అన్నారు. పోలేదు నాన్నా అని చెప్పాను గానీ, ఒళ్లు మండిపోయింది. అందుకే ఈ గోలంతా.

అసలు స్ట్రీమర్ చేసే పనేంటి? డిస్కులోంచో నెట్‌లోంచో అంకెలు తెచ్చి డాక్‌కి అందివ్వడం. డాక్ అంటే ఆ అంకెల్ని కరెంటు తరంగంగా మార్చే చిప్పు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 సార్లు, ఒక్కోసారీ 16 బిట్లు, రెండు ఛానెళ్లు. గుణించండి, సెకనుకి 14 లక్షల పైచిలుకు బిట్లు, అంటే 1.4 మెగాబిట్లు. హైరెజ్ అని ఊదరగొట్టే 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ కూడా 9.2 మెగాబిట్లే. 2012లో 35 డాలర్లకి వచ్చిన మొట్టమొదటి రాస్ప్‌బెర్రీ పై బోర్డుకే 100 మెగాబిట్ల ఈథర్నెట్ ఉంది. ఈ పనికి లక్షన్నర ఎందుకండీ? డబ్బా విప్పి చూస్తే లోపల ఉండేదీ ఒక చిన్న లినక్స్ బోర్డే చాలాసార్లు. కెనడాకి చెందిన బ్రైస్టన్ అయితే బీడీపీ-పై అని పేరులోనే పెట్టి, రాస్ప్‌బెర్రీ పై మీద కట్టిన ప్లేయర్‌ని వెయ్యి డాలర్లకి పైనే అమ్మింది. దాచకుండా చెప్పింది కాబట్టి ఆ నిజాయితీకి ఒక నమస్కారం.

షాపువాడి మీద నాకంత కోపం లేదు, వాడి పొట్టకూటి కోసం వాడి తిప్పలు. నా కోపమంతా మన ఇంజినీర్ల మీద. మా ఆఫీసులో ఒక సీనియర్ అన్న ఉన్నాడు. పగలంతా నెట్‌వర్క్ కోడ్ రాస్తాడు. ప్యాకెట్‌కి చెక్‌సమ్ ఉంటుందనీ, పాడైతే టీసీపీ మళ్లీ తెప్పిస్తుందనీ నాకు నేర్పింది ఆయనే. సాయంత్రం ఇంటికెళ్లి 30 వేల లాన్ కేబుల్ గుచ్చి "బేస్ టైట్ అయింది తమ్ముడూ" అంటాడు! ఏం టైటయిందన్నా? పాట మధ్యలో ఆ కేబుల్ పీకెయ్, బఫర్లో ఉన్నంతవరకూ కొన్ని సెకన్లు పాడుతూనే ఉంటుంది. ఆ కాసేపు కేబుల్ నీ చేతిలో ఉంది. మరి బేస్ లూజవ్వాలిగా?

కేబుల్ గుండా కరెంటు నాయిస్ వస్తుందంటాడు. ఈథర్నెట్ సాకెట్ దగ్గర అటూ ఇటూ విడదీసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయని ఆయనకి తెలీదా? తెలుసు. ఆఫీసులో తెలుసు.

సరే, వాదనలెందుకని ఒక ఆదివారం నా పై పట్టుకుని వాళ్లింటికే వెళ్లాను. ఆయన రెండు లక్షల స్ట్రీమరు ఒకటి, నా బోర్డు ఒకటి, రెండూ యూఎస్‌బీ ద్వారా అదే డాక్‌కి. వదిన కర్టెన్ వెనక నాణెం ఎగరేసి కేబుల్ మార్చింది. మార్చకపోయినా తీసి మళ్లీ పెట్టమన్నాం, చప్పుడుని బట్టి పట్టెయ్యకుండా. 16 సార్లు. కనీసం 12 కరెక్టయితేనే ఏదో తేడా వినబడుతోందని ఒప్పుకోవచ్చు, అంతకు తగ్గితే బొమ్మా బొరుసే. అన్నకి 7 వచ్చాయి. "ఇవాళ చెవులు అలిసిపోయాయి తమ్ముడూ" అన్నాడు. వదిన మాత్రం స్ట్రీమర్ రేటు అప్పుడే మొదటిసారి విన్నట్టుంది, మళ్లీ టీ ఇవ్వలేదు :)

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పై దేవుడేం కాదు. దాని హెడ్‌ఫోన్ జాక్‌లో పాట వింటే బుస్సుమని వినిపిస్తుంది, అది అసలు సరైన డాక్ కాదు. 2023లో వచ్చిన పై 5లో ఆ జాకే తీసేశారు, పీడా పోయింది. డాక్ హ్యాట్ అని పైన గుచ్చే బోర్డు కొనాలి, లేదా యూఎస్‌బీ డాక్. ఇంకోటి, గడియారం మాట నిజం. పై బోర్డు తన గడియారంతోనే హ్యాట్‌కి అంకెలు తోలితే, 44,100 సమంగా భాగించబడక అటూ ఇటూ సర్దుతుంది. అందుకే కొన్ని హ్యాట్‌ల మీద 44.1 వరసకి ఒకటి, 48 వరసకి ఒకటి సొంత ఆసిలేటర్లుంటాయి, అప్పుడు పై వాటిని అనుసరిస్తుంది. ఈమధ్య వచ్చే యూఎస్‌బీ డాక్‌లు చాలావరకు గడియారం తమ దగ్గరే పెట్టుకుంటాయి. డబ్బు పెడితే అక్కడ పెట్టండి, స్పీకర్ల మీద పెట్టండి, గదిలో దళసరి పరదాల మీద పెట్టండి.

స్పాటిఫై కావాలంటే అనధికారికంగా తయారైన లిబ్రెస్పాట్ మీద ఆధారపడాలి, ప్రీమియం ఖాతా ఉండాలి. రేపు వాళ్లేదో మారిస్తే ఆగిపోవచ్చు కూడా. మీకు ఇంట్లో సొంత పాటలేం లేకపోతే, ఫోనే చాలనుకుంటే, ఇదంతా అనవసరం.

ఇక అసలు సంగతి, తాళం ఎవరి చేతిలో ఉందన్నది. స్క్వీజ్‌బాక్స్ గుర్తుందా? స్లిమ్ డివైసెస్ చేసింది, 2006లో లాజిటెక్ కొంది, 2012లో ఆపేసింది, 2024లో దాని ఆన్‌లైన్ సర్వీసూ మూసేసింది. అయినా ఆ పాత డబ్బాలు పాడుతూనే ఉన్నాయి. ఎందుకంటే ఇంట్లో నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదట్నుంచీ ఓపెన్ సోర్సు, ఇప్పుడు లిరియాన్ అన్న పేరుతో జనమే నడుపుకుంటున్నారు. ఇటు సోనోస్ చూడండి. పాతది రీసైకిల్ మోడ్‌లో పెడితే కొత్తదాని మీద 30 శాతం తగ్గింపన్నారు. పెట్టిన 21 రోజులకి నిక్షేపంలా పనిచేసే స్పీకరు శాశ్వతంగా చచ్చిపోయేది. జనం తిట్టిపోస్తే 2020లో ఆ మోడ్ ఎత్తేశారు. తేడా సౌండులో లేదు మహాశయులారా, సోర్సుకోడ్‌లో ఉంది.

నాన్నకి పై 4, ఆసిలేటర్లున్న హ్యాటు, డబ్బా, ఒరిజినల్ అడాప్టరు అన్నీ కలిపి 11 వేలలో పెట్టాను. అడాప్టరు దగ్గర కక్కుర్తి పడకండి, పై 4కి 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి, పాత ఫోన్ ఛార్జరు పెడితే సతాయిస్తుంది. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, మామూలు లినక్స్ అయితే ఎస్‌డీ కార్డు ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. అందుకని పైకోర్‌ప్లేయర్ వేశాను. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, ప్లగ్గు పీకినా ఏం కాదు. సర్వరూ దాంట్లోనే, హార్డుడిస్కు మాత్రం సొంత అడాప్టరుతో పక్కనే. అమ్మ ఫోన్లోంచి బ్రౌజర్ తెరిచి తనే పెట్టుకుంటుంది. కమాండ్ లైన్ చూపించే సాహసం నేను చెయ్యలేదు.

మొన్న పండక్కి వెళ్లేసరికి పొద్దున్నే హాల్లో నాయనమ్మ గొంతు. లక్షన్నర ఇటుక మీద పై కూచుని ఉంది, చల్లగా ఉంటుందని నాన్నే పెట్టారట. ఆ మధ్య షాపు కుర్రాడు ఫోన్ చేసి, పాతది తెస్తే కొత్త మోడల్ మీద పాతిక వేలు తగ్గిస్తామన్నాట్ట. "కంపెనీ సర్వరు లేకపోయినా పాడుతుందా బాబూ?" అని అడిగారట నాన్న. కనుక్కుని చెప్తానన్నాట్ట. ఇంకా చెయ్యలేదు.