ఒక్క సౌమ్యతో సరిపెట్టుకుందామా? బంతి మన హాస్టల్ స్టోర్ రూమ్‌లోంచి బయటికి రావాలి

పోస్ట్ కొంచెం పెద్దదే. చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

2025 ఏప్రిల్ 11న బెంగాల్‌లోని కళ్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచారు. ఈస్ట్ బెంగాల్ అంటే 1920లో పుట్టిన క్లబ్. వాళ్ల మగవాళ్ల జట్టు 2003-04లో జాతీయ లీగ్ గెలిచిన తర్వాత ఆ క్లబ్‌కు మళ్లీ జాతీయ లీగ్ కప్పు దక్కలేదు. ఇన్నేళ్లకు ఆ కరువు తీర్చింది ఆడపిల్లలు. ఆ రోజు పడ్డ ఒకే ఒక్క గోల్ కొట్టింది గుగులోత్ సౌమ్య. మన నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. 2022లో క్రొయేషియా వెళ్లి దినమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరి వచ్చిన పిల్ల. ఆ సీజన్ ఆటకు ఏఐఎఫ్‌ఎఫ్ ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది.

అవార్డు వచ్చిందని తెలియగానే మనోళ్లందరం ఫొటో స్టేటస్ పెట్టుకున్నాం. మంచిదే. నా ప్రశ్న ఒక్కటే. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని గురుకులాలు, ఇన్ని ఆశ్రమ పాఠశాలలు, ఇన్ని హాస్టళ్లు ఉన్నాయి కదా, మనం గొప్పగా చెప్పుకోవడానికి ఒక్క పేరే ఎందుకుంది?

ముందు లీగ్ సంగతి చెప్తా. 2017లో మొదటి లీగ్ ఫైనల్ రౌండ్ ఢిల్లీలో పెట్టారు. రెండు మూడు వారాల్లో అయిపోయింది. మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. తర్వాత చాలా ఏళ్లు కథ అదే. ఒక చోటికి అన్ని జట్లను పిలుస్తారు, కొన్ని వారాలు ఆడిస్తారు, ఇంటికి పంపిస్తారు. మరి మిగతా ఏడాదంతా ఆ పిల్ల ఏం చేయాలి? ఎవరు జీతం ఇస్తారు? ‘నా బిడ్డ ఫుట్‌బాల్ ఆడుతుంది’ అని ఏ తల్లి ధైర్యంగా చెప్పుకుంటుంది?

2023-24లో మొదటిసారి సొంత ఊళ్లో ఒక మ్యాచ్, అవతలివాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్ అనే పద్ధతి తెచ్చారు. ఏడు జట్లు ఆడితే ఒడిశా ఎఫ్‌సీ గెలిచింది. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. గోకులం కేరళకు ఆడిన ఉగాండా అమ్మాయి ఫాజిలా ఇక్వాపుట్ ఒక్కతే 24 గోల్స్ కొట్టింది. అంటే ఇప్పుడది నాలుగు రోజుల జాతర కాదు, మెల్లగా ఒక పని అవుతోంది. పని అయితేనే మనలాంటి ఇళ్ల పిల్లలు నిలబడగలరు. పత్తి తీసే సీజన్‌లో ఒక కూలి తగ్గితే ఇంట్లో లెక్క ఎట్లా తప్పుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఎనిమిది జట్లు ఎక్కడివో చూడండి. బెంగాల్ నుంచి రెండు, ఒడిశా నుంచి రెండు, కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఢిల్లీ నుంచి ఒక్కొక్కటి. తెలుగు నేల నుంచి ఒక్కటీ లేదు. సౌమ్య తన ఆట చూపించడానికి కేరళ పోవాలి, కలకత్తా పోవాలి. పోగలిగింది కాబట్టి మనకు తెలిసింది. పోలేని వాళ్ల పేర్లు మనకు తెలియనే తెలియవు.

కొంతమంది అంటారు: ‘ఆదివాసీ పిల్లలకు ఆట రక్తంలోనే ఉంటుంది, గుట్టలెక్కి పెరిగినోళ్లు కదా’ అని. పొగుడుతున్నట్టే ఉంటుంది కానీ ఈ మాట నాకు అస్సలు నచ్చదు. రక్తంలోనే ఉంటే కోచ్ ఎందుకు, గ్రౌండ్ ఎందుకు, గుడ్డు ఎందుకు అని చేతులు దులుపుకోవడానికి పనికొచ్చే మాట అది. 2022లో అండర్-17 మహిళల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. ఇండియా కెప్టెన్ అష్టమ్ ఉరావ్, జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఎంత గర్వంగా అనిపించిందో! కానీ స్కోర్లు కూడా చూడాలి కదా. అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. మన పిల్లల్లో దమ్ము లేక కాదు. అవతలి పిల్లలు చిన్నప్పటి నుంచి ఏటేటా మ్యాచ్‌లు ఆడి వచ్చారు. మనవాళ్లకు అన్ని మ్యాచ్‌లు ఎక్కడ దొరికాయి? రక్తం ఒక్కటే సరిపోదని ఆ మూడు స్కోర్లే చెప్తున్నాయి.

ఒడిశాను చూడండి. సుందర్‌గఢ్ ఆదివాసీ అమ్మాయి ప్యారీ ఖాఖా ఇండియా జట్టుకు ఆడుతోంది. అక్కడ ప్రభుత్వమే స్పోర్ట్స్ హాస్టళ్లు పెట్టింది. తిండి, చదువు, కోచ్ ఒకే చోట. మన దగ్గర హాస్టల్ ఉంది, తిండి ఉంది, చదువు ఉంది. కోచ్ లేరు, బంతి తాళం లోపల ఉంది.

తాళం అని ఊరికే అనలేదు. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో రెండు ఫుట్‌బాల్స్ ఉండేవి. ఇన్‌స్పెక్షన్ రోజు బయటికి వచ్చేవి, సాయంత్రానికి స్టోర్ రూమ్‌లోకి పోయేవి. పీఈటీ పోస్ట్ ఖాళీ. గేమ్స్ పీరియడ్‌లో మాతో గ్రౌండ్‌లో గడ్డి పీకించేవాళ్లు. ఇప్పుడు డిగ్రీ హాస్టల్‌లో ఉన్నా. సాయంత్రం ఆరు కొట్టేసరికి ఆడపిల్లలం గేటు లోపల ఉండాలి. కాలేజీ అయి వచ్చేసరికే ఐదున్నర. పక్కనే అబ్బాయిల హాస్టల్‌లో లైట్లు వేసుకుని వాలీబాల్ ఆడుతుంటే మేం కిటికీలోంచి స్కోర్ లెక్కపెడతాం.

‘ఆటలు అన్నం పెడతాయా? గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వండి’ అని సీనియర్ అన్నలు అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. సీటు విలువ, స్కాలర్‌షిప్ విలువ నాకు తెలుసు. వందమంది ఆడితే లీగ్ దాకా పోయేది ఒక్కరే, అదీ పోతే. కానీ రోజుకు ఒక గంట ఆడితే డిగ్రీ పోదు. మిగతా తొంభై తొమ్మిది మందికి ఒళ్లు గట్టిపడుతుంది. ఊరు దాటి ప్రయాణం చేయడం, ఓడిపోయి మళ్లీ లేవడం, పదిమందిలో గట్టిగా మాట్లాడడం వస్తుంది. ఐరన్ మాత్రలు పంచి వదిలేసే రక్తహీనత గురించి కూడా అప్పుడు నిజంగా మాట్లాడాల్సి వస్తుంది. ఎందుకంటే నీళ్ల పప్పు తిని ఎవరూ తొంభై నిమిషాలు పరుగెత్తలేరు.

మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెదీ నిజామాబాద్ జిల్లానే. గురుకులంలో చదువుతూనే భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకుంది. ఆమె ధైర్యం ఆమెదే. కానీ ఆ ధైర్యానికి ఒక తాడు, ఒక కోచ్, ఒక టికెట్ ఇవ్వాలని అక్కడ ఎవరో నిర్ణయించారు. మనం అడగాల్సింది ఆ నిర్ణయమే.

నేను అనుకుంటున్నవి ఇవి:

1. ప్రతి ఆడపిల్లల హాస్టల్‌లో రోజూ ఒక గంట గ్రౌండ్ టైమ్. భద్రత కోసమే గేటు వేస్తున్నామంటే, గ్రౌండ్‌కు లైటు, కంచె పెట్టండి. పిల్లల్ని లోపల పెట్టడం భద్రత కాదు.

2. ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపాలి. ఆడపిల్లల స్కూళ్లలో మేడమ్‌లనే వేయాలి. నిక్కర్లు వేసుకుని ఆడతారా అని గునిసే అమ్మానాన్నలకు నచ్చజెప్పగలిగేది కూడా వాళ్లే.

3. ఐటీడీఏ ఆటల పోటీల్లో కబడ్డీ, ఖోఖోతో పాటు అమ్మాయిల ఫుట్‌బాల్ కూడా అన్ని చోట్లా ఉండాలి.

4. మన వంతుగా, వచ్చే దసరా సెలవుల్లో ఊళ్లల్లో ఏడుగురేసి జట్లు కట్టి ఆడిద్దాం. కోత అయిపోయిన చేను చాలు, నాలుగు కర్రలు చాలు.

సౌమ్య లంబాడా, నేను కోయ. ఈ గ్రూప్‌లో ఈ లెక్కల మీద ఎన్ని గొడవలు జరిగాయో మీకు తెలుసు. వాటిని ఈ పోస్ట్ కిందికి తేవద్దని నా మనవి. స్టోర్ రూమ్ తాళం మాత్రం మనందరికీ ఒకటే.

కింద కామెంట్‌లో మూడు ముక్కలు రాయండి: మీ హాస్టల్‌లో అమ్మాయిలకు బంతి ఉందా, గ్రౌండ్ ఉందా, పీఈటీ ఉన్నారా. పేర్లు వద్దు, మండలం రాస్తే చాలు. అన్నీ ఒక లిస్ట్ చేసి పీవో గారి దగ్గరికి పది మందిమి కలిసి పోదాం. రాసే పని నేను చూసుకుంటా. వచ్చేవాళ్లు చెయ్యెత్తండి.