గంపెడు టమాటాలు, ఒక టార్ట్



ఖమ్మం అనగానే అందరికీ మిర్చి యార్డు గుర్తుకు వస్తుంది. కాని చలి తగ్గుముఖం పట్టే రోజులలో భద్రాచలం వైపు అడవి అంచునున్న ఏ వారపు సంతకు వెళ్లినా మిరప ఎరుపుతో పోటీపడుతూ టమాటా గుట్టలు దర్శనమిస్తాయి. క్రిందటి నెల మేము అటువంటి సంతలోనే పొద్దువాలే వేళ ఒక వృద్ధురాలి ముందు ఆగాము. ఆమె గంపలో ఇంకా ఆరేడు కిలోల పండ్లు మిగిలి ఉన్నాయి. కిలో పది రూపాయలన్నది. అలవాటు కొద్దీ మేము ఎనిమిదికి బేరమాడాము. ఆమె వాదించలేదు. "గంపంత తీసుకపోండమ్మా. తిరిగి మోసుకపోతే ఆటో కిరాయి కూడ రాదు, గొడ్లకు పోస్త" అన్నది.

గంపతో ఇంటికైతే వచ్చాము కాని ఆ మాట మనసును విడువలేదు. 2023 జూలైలో ఇదే టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు మనమంతా ఎంత జాగ్రత్తగా వాడుకున్నాము! మదనపల్లె మార్కెట్‌లో ధర 200 రూపాయల దరిదాపులకు చేరిన ఆ రోజులలో ఒక్క పండు మెత్తబడినా ప్రాణం ఉసూరుమనేది. రెండు నెలలు తిరగకముందే ధర కుప్పకూలి, అదే పంటను రైతులు రోడ్ల ప్రక్కన పారబోశారు. పండు మారలేదు, దాని రుచీ మారలేదు. మన ఆదరణ మాత్రమే ధరతో పాటు పెరిగి, ధరతో పాటు తరిగింది. ఆహారాన్ని వృథా చేయరాదన్న ధర్మం ఖరీదైన వస్తువులకే పరిమితమని మనకు ఎవరు చెప్పారు?

గంపలో సగం పచ్చడికి, నిల్వకు పోయింది. మిగిలిన పండ్లతో ఏమి చేద్దామని ఆలోచిస్తుండగా, మా అమ్మాయి టమాటా టార్ట్ చేద్దామన్నది. "అది దొరల తిండి, మన పొయ్యి మీద ఎక్కడ అవుతుంది?" అని దాదీమా పెదవి విరిచారు. నిజానికి అది మనకు మరీ పరాయిది కాదు. కరకరలాడే రొట్టె పళ్లెంలో కూర నింపి కాల్చిన వంటకమే టార్ట్. ఫ్రెంచి వారి ఇళ్లలో అది నిత్య వంటకం. అరబ్బు దేశాలలోని ఫతాయెర్, లెబనాన్‌లోని బాలబక్ పట్టణానికి పేరు తెచ్చిన స్ఫీహా దీనికి దూరపు చుట్టాలు. మన హైదరాబాదు బేకరీలలోని పఫ్ కూడా ఆ కుటుంబానిదే.

మా మొదటి ప్రయత్నం విఫలమైందని ఒప్పుకోవాలి. తొందరలో పండ్లు కోసి, పచ్చి పిండి మీద పరిచి, కాల్చాము. పైన చూపులకు ముచ్చటగా ఉన్నది గాని కోయబోతే అడుగంతా తడిసిన గంజి ముద్ద! గొడ్ల పాలు కాకుండా తెచ్చిన పండ్లను మేము చెత్తబుట్ట పాలు చేశాము. ఆ రాత్రి దాదీమా ఏమీ అనలేదు. ఆ మౌనమే మాకు పాఠమైంది.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత ఆలోచిస్తే తేలింది. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. ఆ నీటిని ముందే తీయకపోతే అది పిండిలోకి దిగుతుంది. రెండవ తప్పు పిండి కలపడంలో జరిగింది. మైదాలోని మాంసకృత్తులు నీటితో కలిసి, మర్దించిన కొద్దీ సాగే జిగురుగా మారుతాయి. చపాతీకి ఆ సాగుడు కావాలి, టార్ట్‌కు అది పనికిరాదు. చల్లని వెన్న ముందుగా పిండి రేణువులను చుట్టుకుంటే జిగురు తక్కువగా ఏర్పడి, రొట్టె పెళుసుగా వస్తుంది. వెన్న కరిగిపోతే ఆ ప్రయోజనం నెరవేరదు. వేసవిలో 45 డిగ్రీల ఎండలు చూసే మన ప్రాంతంలో మధ్యాహ్నపు వంటింట వెన్న చేతిలోనే కరుగుతుంది. అందుకే రెండవసారి ఫజ్ర్ నమాజు ముగిసిన వెంటనే, ఇల్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడే పిండి కలిపాము.

కావలసినవి: మైదా 150 గ్రాములు, గోధుమపిండి 50 గ్రాములు, ఫ్రిజ్‌లో గట్టిపడిన వెన్న 100 గ్రాములు, మంచు నీరు మూడు నాలుగు చెంచాలు, ఉప్పు అర చెంచా. నింపడానికి గట్టి టమాటాలు అర కిలో, ఉల్లిపాయ ఒకటి, పనీర్ 100 గ్రాములు, ఆవపిండి ఒక చెంచా, బొంబాయి రవ్వ ఒక చెంచా, పచ్చిమిర్చి రెండు, కొత్తిమీర, మిరియాల పొడి, నూనె.

రెండు పిండ్లలో ఉప్పు కలిపి, వెన్నను చిన్న ముక్కలుగా వేసి, వేళ్ల కొసలతో నలుపుతూ రవ్వలా చేయాలి. అరచేయి తగలనీయరాదు, దాని వేడికి వెన్న కరుగుతుంది. తరువాత నీరు కొద్ది కొద్దిగా చిలకరించి, ముద్ద కట్టగానే ఆపాలి. దానిని మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఈలోగా టమాటాలను పావు అంగుళం మందాన చక్రాలుగా కోసి, చెంచాడు ఉప్పు చల్లి, జల్లెడలో అరగంట ఉంచాలి. క్రిందికి దిగిన నీటిని పారబోయకండి. అది మధ్యాహ్నం చారులోకి పనికి వస్తుంది, ఆ చారుకు ఉప్పు తగ్గించుకుంటే చాలు. చక్రాలను శుభ్రమైన నూలుబట్టతో అద్ది ఆరబెట్టాలి. ఈ అరగంటను ఆదా చేయాలని చూసినందుకే మా మొదటి టార్ట్ పాడైంది.

పిండిని వత్తి, తొమ్మిది అంగుళాల పళ్లెంలో అంచుల వరకు పరిచి, ఫోర్కుతో అక్కడక్కడ గుచ్చాలి. దానిపై కాగితం వేసి, పొంగకుండా బరువుకు ఎండు శనగలు పోయాలి. 190 డిగ్రీల వేడిలో పదిహేను నిమిషాలు కాల్చి, శనగలు, కాగితం తీసి, మరో పది నిమిషాలు కాల్చాలి. శనగలను దాచుకుంటే తదుపరి టార్ట్‌కు పనికి వస్తాయి. వేడిగా ఉన్నప్పుడే కోడిగుడ్డు తెల్లసొనను పలుచగా పూస్తే అది గట్టిపడి తడిని ఆపుతుంది.

ఇప్పుడు అడుగున ఆవపిండిని రెండు చెంచాల నూనెతో కలిపి పూయాలి. దానిపై రవ్వ చల్లి, బంగారు రంగు వచ్చేదాకా వేయించిన ఉల్లి, చిదిమిన పనీర్, తరిగిన పచ్చిమిర్చి పరచాలి. చివరగా టమాటా చక్రాలు ఒకదానిపై ఒకటి కొద్దిగా ఎక్కేలా పేర్చి, మిరియాల పొడి చల్లాలి. ముప్ఫై నుండి ముప్ఫై అయిదు నిమిషాలు కాల్చి, పావుగంట చల్లారనిచ్చి, కొత్తిమీర చల్లి కోయాలి.

ఓవెన్ లేని సోదరీమణులు నిరాశ చెందనవసరం లేదు. దమ్ పెట్టడం తెలిసిన ఇంట్లో ఓవెన్ పని సగం తెలిసినట్లే. మందపాటి పెద్ద గిన్నెలో రెండు గ్లాసుల ఉప్పు పరిచి, దానిపై స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయాలి. టార్ట్ పళ్లెం లోపల ఉంచి, సన్నని సెగ మీద కాల్చాలి. దీనికి ఓవెన్ కంటే కొంత ఎక్కువ సమయం పడుతుంది. పైభాగం రంగు తిరగాలంటే చివరి పది నిమిషాలు మూతపై నిప్పులు పెట్టాలి. రెండవసారి మేము చేసింది ఇలాగే. నిప్పులు సర్దిన చేయి దాదీమాది!

బయట కొనే వస్తువుల విషయంలో ఒక జాగ్రత్త. విదేశీ వంటలలో వాడే డిజోన్ ఆవముద్ద తయారీలో వైన్ కలిపే సంప్రదాయం ఉన్నది. మన ఆవపిండి ఉండగా దాని అవసరమే లేదు. కొన్ని రకాల చీజ్‌ల తయారీలో పాలు విరిచేందుకు దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు. ప్యాకెట్‌పై శాకాహారపు పచ్చగుర్తు ఉన్నదో లేదో చూడండి. నిమ్మరసంతో ఇంట విరిచిన పనీర్ అయితే ఏ సందేహమూ ఉండదు.

ఆ రోజు టార్ట్ కోసినప్పుడు కత్తి క్రింద కరకరమన్నది. ఎనిమిది ముక్కలలో రెండు పొరుగింటికి వెళ్లాయి. ఒక ముక్కను అడ్డాకులో చుట్టి, సాయంత్రం సంతకు తీసుకువెళ్లాము. ఆ వృద్ధురాలు అదే చోట కూర్చుని ఉన్నది. తన టమాటాలే ఇలా అయ్యాయని చెబితే మొదట నమ్మలేదు. సగం కొరికి, "ఉప్పు మంచిగ కుదిరిందమ్మా" అని మెచ్చుకుని, మిగిలిన సగాన్ని మనుమడి కోసం తిరిగి ఆకులో చుట్టుకున్నది. ఆ సాయంత్రం ఆమె కిలో పన్నెండు రూపాయలన్నది. మేము బేరమాడలేదు.

సోదరీమణులారా! చవకగా దొరికిన వస్తువులోనూ ఒకరి చెమట, ప్రభువు అనుగ్రహం ఖరీదైన దానిలో ఉన్నంతే ఉంటాయి. ఈ వారం సంతలో పండ్లు చవకగా కనిపిస్తే అరకిలో ఎక్కువే తీసుకోండి, అడిగిన ధరకే తీసుకోండి. ఉప్పు చల్లిన తరువాత మాత్రం ఆ అరగంట ఓపిక పట్టండి. అల్లాహ్ మన వంటింటిలో, మనకు పండించి ఇచ్చే వారి ఇంటిలో శుభం కలిగించుగాక! ఆమీన్.