అతుకు నిలిస్తేనే దూలం



2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి గాలికి కప్పు నిలవాలంటే దూలం నిలవాలి. పొడుగు కలప దొరకక రెండు ముక్కలు అతికించుకొనే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికే ఈ నాలుగు మాటలు.

పలక పక్కన పలక చేర్చి, నార వెంట మంచి జిగురుతో బిగిస్తే, అతుకు ఊడకముందే చెక్క చీలుతుంది. అదే రెండు ముక్కలను కొనకు కొన ఆనించి అతికిస్తే బరువుకు ఆగదు. కోసిన కొన సన్నని గొట్టాల కట్టవంటిది, జిగురును పీల్చేస్తుంది. అందుకే కొనలను ఏటవాలుగా కోయాలి. అంగుళం మందానికి కనీసం ఎనిమిది అంగుళాల వాలు ఉండాలి; పన్నెండయితే మరీ మంచిది. నిజాంపట్నం రేవులో పడవ పలకకైనా ఇదే లెక్క.

మామూలు తెల్ల జిగురు కుర్చీలకు చాలు. ఎడతెగని బరువు కింద అది మెల్లగా సాగుతుంది, తడికి మెత్తబడుతుంది. తడి తగిలే దూలానికి రిసార్సినాల్ జిగురు తగినది. కలప బాగా ఆరాలి. టేకులో నూనె ఉంటుంది గనుక చిత్రిక పట్టిన రోజే అతికించాలి. జిగురు ఆరేదాకా బిగింపు వదలకూడదు. పైన బోల్టులు, ఇనుప పట్టీలు కూడా వేయించండి.

ఈ వారమే మీ దూలం కింద నిలబడి పైకి చూడండి. అతుకు దగ్గర సందు గాని, వంపు గాని కనబడితే ముందు గుంజ ఆనించండి, తరువాత వడ్రంగిని పిలవండి. ఆ కింద పడుకొనేది మన పిల్లలే.