నంద్యాల సీమ బడి: ఎవరి అరుగు, ఎవరి ఖర్చు

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పాతకాలపు బడి ఎక్కువగా ఏ మోతుబరి ఇంటి అరుగు మీదో, గుడి మంటపంలోనో నడిచేది. అయ్యవారికి సర్కారు జీతం లేదు. తల్లిదండ్రులే డబ్బో గింజలో ఇచ్చుకోవాలి. ఇచ్చుకోగల ఇళ్ల పిల్లలకే ఆ అరుగు.

నంద్యాల 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉంది. అందువల్ల 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తీయించిన బడుల లెక్కలోకి రాలేదు. పొరుగు ఆధారాల్లో ఒకటి బళ్లారి జిల్లాది. అక్కడి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు తేలారు. ఆడపిల్లలు 60 మందే. 226 బడుల్లో తెలుగు, 21 చోట్ల పారసీ చెప్పేవారు. పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్దేవాళ్లు. పొద్దున అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, ఆపైన వచ్చినవాళ్లకు తలా ఒకటి ఎక్కువ. హాజరు పట్టీ అక్కర్లేని పద్ధతి! పద్యాలు వల్లె వేయించడమే తప్ప అర్థం చెప్పరని కలెక్టరు ఫిర్యాదు.

మాల, మాదిగ పిల్లలు ఆ అరుగు ఎక్కే వీలే లేదు. వాళ్లకు చదువు క్రైస్తవ మిషన్ వల్ల వచ్చింది. 19వ శతాబ్ది రెండో సగంలో ఎస్.పి.జి. మిషన్ చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులోనూ నంద్యాలలోనూ స్థిరపడి గూడేల్లో చిన్న బడులు తెరిచింది. పంతుళ్ల శిక్షణ పాఠశాల నంద్యాలలో నడిచింది. పగటి బడే సాయంత్రం ప్రార్థన గది. మతం మారుస్తారన్న ఊరి అనుమానం నిరాధారమేమీ కాదు. అయినా ఆ పిల్లలకు వేరే గది లేదు.

1884 లోకల్ బోర్డుల చట్టం, 1920 ప్రాథమిక విద్యా చట్టం వచ్చాక బోర్డు బడులు పెరిగాయి. పేరుకు అవి అందరివీ. కానీ బడి గుడిలోనో చావడిలోనో ఉంటే అందరూ లోపలికి రాలేరు. అలాంటి బడులను అందరికీ అందే చోటికి మార్చమని మద్రాసు ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. కులాల అడ్డు చట్టంతో తొలగలేదు, బడి స్థలం మార్చడంతో కొంత తొలగింది.

ఆ బడుల్లో రెడ్ల, బలిజల, బోయల, దూదేకుల పిల్లలు ఒకే గదిలో కూర్చున్నా పత్తి తీతల కాలంలో, కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి కోతలప్పుడు కూలీ ఇళ్ల పిల్లల జాగా ఖాళీ. 1959లో బడులు పంచాయతీ సమితుల కిందికి వచ్చాయి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. 2003లో మధ్యాహ్న భోజనం, 2019లో నాడు-నేడు పథకం కింద బడుల మరమ్మతులు వచ్చాయి.

ఇప్పుడు ఫీజు కట్టగల రైతు పిల్లలు ప్రైవేటు బస్సెక్కి నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్తున్నారు. రంగులు వేసిన ఊరి బడిలో మిగిలేది ఎక్కువగా కూలీల పిల్లలే.