మోర్ధానా మిద్దెను పడగొట్టొద్దు: ముందు కప్పు, ఆ తర్వాతే ఏసీ

పోయిన కత్తిరిలో మొదలైన మాట ఇది. మే, జూన్ నెలల కరెంటు బిల్లు ఫోటో తీసి మన వాళ్ళ గ్రూపులో పెట్టినాము. పది నిమిషాల్లో సలహాలు వచ్చేసినాయి. "పాత ఇల్లు కదా, అందుకే అంత బిల్లు" అని బెంగళూరు నుంచి ఒకరు. "పడగొట్టి స్లాబు వేసి, మూడు రూములకూ ఏసీ పెట్టిస్తే అవ్వకు సుఖం, దుడ్లు మేము పంపిస్తాము" అని అమెరికా నుంచి ఇంకొకరు. నెల తిరక్కుండానే మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. టేకు దూలాలకు ఎవరో బేరం కూడా అడిగి పోయినారు.

మంచి మనసుతో చెప్పిన మాటే, మాకు తెలుసు. అయినా తప్పు మాట. ఆ తప్పు ఎక్కడుందో లెక్కతో సహా చెప్పేదానికే ఇది రాస్తున్నాము. సంక్రాంతికి అందరం కలిసి కూర్చునే లోపల ఒకసారి నిదానంగా చదవండి.

ముందు ఒక సంగతి. ఆ బిల్లు పాత ఇంటిది కాదు. పాత ఇంటికి మనం చేసిన మార్పులది.

మోర్ధానా ఇంటిని మీరంతా చూసినవాళ్ళే. ముందర తిన్నె, లోపల మిద్దె, నడిమిట్ల తొట్టి, వెనకాల వంటిల్లు. ఏసీ ఉండేది మిద్దెలో కాదు. 2008లో మనమే కట్టించిన వెనక స్లాబు రూములో. ఆ రూముకు చోటు కావాలని పడమటి పక్క వేపచెట్టు కొట్టించినాము. వాన జల్లు పడుతుందని తొట్టి మీద ప్లాస్టిక్ రేకు పరిపించినాము. గోడల సున్నం గీరించి సిమెంటు పూయించినాము. గాలి పోయే దారి మూసి, నీడ తీసేసి, ఎండ తాగే కప్పు ఒకటి వేసుకొని, ఇప్పుడు "ఇల్లు పాతది, వేడి" అంటే అవ్వ నవ్వుతుంది. ఆమె ఇప్పటికీ మధ్యాహ్నం మిద్దెలోనే పడుకుంటుంది. రాత్రికి మాత్రం మనం బలవంతం చేసి స్లాబు రూములోకి పంపిస్తున్నాము, ఏసీ అక్కడ ఉంది కాబట్టి.

నమ్మకపోతే మే నెలలో రాత్రి పది గంటలకు వచ్చి, స్టూలు వేసుకొని రెండు కప్పులకూ చెయ్యి పెట్టి చూడండి. స్లాబు అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన పెనం మాదిరి ఉంటుంది. మిద్దె ఉండదు.

కారణం మంత్రం కాదు, కట్టుబడి. మద్రాసు మిద్దె అని పేరు పడిన ఈ కప్పులో టేకు దూలాల మీద పల్చటి చిన్న ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చినారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి దిమ్మిసతో రోజుల తరబడి కొట్టినారు. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి గట్టి చేసినారు. పైన చదరపు బిళ్ళ పెంకులు. అంత మందం దాటుకొని ఎండ లోపలికి దిగే సరికి పొద్దు గుంకుతుంది. పైగా కప్పు ఎత్తు పన్నెండు అడుగులు, కాబట్టి వేడిగాలి మన తల మీద నిలవదు. తొట్టిలో నుంచి పైకి పోతుంది, దాని చోటుకు తిన్నె వైపు నుంచి చల్లగాలి వస్తుంది. తొట్టి మూసేస్తే ఈ పని మొత్తం ఆగిపోతుంది. స్లాబు సంగతి వేరే. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, మనం పడుకునే వేళకు దాన్ని కిందికి కక్కుతుంది. ఆ వేడిని తోడి బయట పోసేదానికే ఏసీ తెల్లవార్లూ తిరుగుతుంది. అంటే రాత్రి మనం డబ్బు పెట్టి కొంటున్నది చల్లదనం కాదు, పగటి ఎండ.

ఇప్పుడు లెక్కకు వస్తాము. మన వైపు ఈబీ బిల్లు రెండు నెలలకొకసారి. 2016 నుంచి ఇళ్ళకు మొదటి 100 యూనిట్లు ఉచితం. 2022 సెప్టెంబరులో పెట్టిన రేట్లు చూడండి. 500 యూనిట్ల లోపల ఉంటే 101 నుంచి 200 దాకా యూనిట్ 2.25 రూపాయలు, 400 దాకా 4.50, 500 దాకా 6. 500 దాటినామో, ఆ 2.25 రేటు పోతుంది. 101 నుంచే 4.50 పడుతుంది. 500 పైన 8 రూపాయలు, 600 పైన 9. ఆ తర్వాత రేట్లు ఇంకా పెరిగినాయి కానీ, సంగతి అర్థమయ్యేదానికి ఇవి చాలు.

ఏసీ లేకుండా ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్జు, లైట్లు, టీవీ, మోటరు కలిపి రెండు నెలలకు 260 యూనిట్లు అనుకుందాము. బిల్లు 495 రూపాయలు. స్లాబు రూములో ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రికి 8 యూనిట్లు తాగితే 60 రోజులకు 480. మొత్తం 740 యూనిట్లు. బిల్లు 4,010 రూపాయలు. యూనిట్లు మూడింతలు కూడా కాలేదు, బిల్లు ఎనిమిదింతలు అయింది. ఒక్క ఏసీకే ఇంత. మీరు చెప్పినట్లు మూడు రూములూ స్లాబు చేసి మూడు ఏసీలు పెడితే ఏమవుతుందో మీరే వేసుకోండి. ఇల్లు కట్టేదానికి దుడ్లు ఒకసారి పంపిస్తారు సరే, బిల్లు కట్టేదానికి ప్రతి రెండు నెలలకూ పంపిస్తారా?

అదే స్లాబు మీద తెల్ల పూత వేసి, కిటికీ సందులు మూసి, ఏసీని 26లో పెట్టి ఫ్యాను తోడు చేసుకున్నామనుకోండి. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం వారి బీఈఈ చెప్తుంది. 2020 నుంచి అమ్మే ఏసీలు వేయగానే 24లోనే మొదలు కావాలని నియమం పెట్టింది కూడా వాళ్ళే. రాత్రికి 8 యూనిట్ల బదులు నాలుగున్నర అయితే మొత్తం 530, బిల్లు 2,190. ఇప్పుడు ఆ రెండు పాత ఫ్యాన్లు కూడా మార్చండి. పాతది 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజుకు 15 గంటలు తిరిగితే రెండు నెలలకు రెండింటి మీద 80 యూనిట్లు మిగులుతాయి. మొత్తం 450కి దిగుతుంది, 500 గీత కిందికి వస్తాము, బిల్లు 1,425. నాలుగు వేల నుంచి పద్నాలుగు వందలకు. ఒక్క గోడ కూడా పడగొట్టకుండా.

అమెరికాలో ఉండే మన వాళ్ళకు ఒక మాట. మీ ఇళ్ళల్లో చలికాలం హీటింగు బిల్లు ఎక్కువ వస్తే మీరు చేసే మొదటి పని ఏమిటి? ఇల్లు పడగొడతారా? పైన అటకలో దూది మాదిరి ఇన్సులేషన్ పరిపిస్తారు, కిటికీ సందులు మూయిస్తారు. మీ ప్రభుత్వం 1976 నుంచి పేదల ఇళ్ళకు ఆ పనిని తన ఖర్చుతోనే చేయిస్తోంది. అక్కడ వేడి బయటికి పోకుండా కాపాడుకునేది, ఇక్కడ లోపలికి రాకుండా ఆపుకునేది. సూత్రం ఒకటే. అక్కడ మీకు తెలిసిన తెలివి మోర్ధానా దగ్గరికి వచ్చే సరికి ఎందుకు మరిచిపోతారు?

మన ప్రభుత్వాల తప్పు లేదని మేము అనడం లేదు. కరెంటుకు రాయితీ ఇస్తారు, కప్పుకు ఇవ్వరు. 2024లో తమిళనాడు వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, మంచిదే. చచ్చిపోయినాక పరిహారం ఇచ్చేదాని కంటే, బతికి ఉండగా పల్లెల్లో రేకుల ఇళ్ళకూ స్లాబు ఇళ్ళకూ తెల్ల పూత వేయించడం చవక. తెలంగాణ 2023లో చల్లని కప్పుల పాలసీ అని ఒకటి తెచ్చింది. ప్రభుత్వ భవనాలకూ, 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ అది తప్పనిసరి. చిన్న ఇళ్ళకు ఇష్టాన్ని బట్టి అన్నారు. ఎక్కువ కాగేది ఆ చిన్న ఇళ్ళే కదా అని అడగాల్సిందే. అయినా మొదలంటూ పెట్టినారు. మన గుడియాత్తం వైపు అగ్గిపెట్టెల పని, మగ్గం పని చేసేవాళ్ళలో ఎంతమంది రేకుల కింద పగలంతా ఉడుకుతున్నారో కళ్ళతో చూస్తున్నవాళ్ళం మేము. వాళ్ళకు ఏసీ మాట ఎత్తే యోగ్యత కూడా లేదు. కప్పు మాటే వాళ్ళకు పనికొచ్చే మాట.

మీరు అడగబోయేవి కూడా మాకు తెలుసు. మిద్దె కురుస్తుంది. నిజమే, ఈశాన్య మూలన కురుస్తుంది. రెండు దూలాలకు చెద పట్టింది, అదీ నిజమే. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయినారు, వెతకాల. కానీ రెండు దూలాలు మార్చి, ఆ మూల తవ్వి మళ్ళీ కొట్టించేదానికి అయ్యే ఖర్చు ఎక్కడ, ఇల్లంతా కొత్తగా కట్టే ఖర్చు ఎక్కడ? సిమెంటు పూసి కురుపు ఆపుదామని మాత్రం అనకండి. సున్నం గోడ తేమను పీల్చి వదిలేస్తుంది, మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచిపోతుంది. మనం పూయించిన గోడలు ఇప్పుడు ఉబ్బి రాలుతున్నాయి, చూసినారు కదా.

ఏసీ వద్దే వద్దని కూడా మేము అనడం లేదు. అవ్వకు 80 దాటినాయి. కత్తిరిలో గాలి కూడా కాగిపోయి ఉండే రాత్రుల్లో ఏసీ ఆమెకు మందు లాంటిది. మందు మోతాదులో ఉండాల, అంతే. చలికాలం సంగతి కూడా చూడండి. పలమనేరు కొండల వైపు నుంచి చలి దిగే మార్గశిరం, పుష్యంలో నీళ్ళు కాచేదానికి మనింట్లో గీజరు. అంతకు ముందు అండా కింద కొబ్బరి మట్టలు, చిప్పలతోనే అయ్యేది. ఇప్పుడు పొగ వద్దంటే సరే, మిద్దె మీద సోలార్ హీటరు పెట్టుకోవచ్చు. ఇంత ఎండ ఉండే ఊర్లో కరెంటుతో నీళ్ళు కాచుకోవడం, కౌండిన్య ఒడ్డున ఉండి నీళ్ళు కొనుక్కున్నట్లే ఉంది.

సోలార్ కరెంటు పెట్టిస్తే అన్నీ తీరిపోతాయి అనేవాళ్ళు కూడా ఉన్నారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. పెట్టిద్దాము. అయితే ఓటి కుండలో నీళ్ళు పోసినట్లు కాకూడదు. ముందు కప్పు బాగు చేస్తే, ఎన్ని పలకలు కావాలో అప్పుడు తెలుస్తుంది.

సంక్రాంతికి మేము పెట్టబోయే పని వరుస ఇది. జనవరి, ఫిబ్రవరిలో మిద్దె కురుపు, దూలాలు. మార్చిలో తొట్టి మీద రేకు తీసి, వాన పడకుండా గాలి ఆడేటట్లు ఎత్తు లేపి వేయడం, ఇనుప జాలీతో. ఏప్రిల్ లోపల స్లాబు మీద తెల్ల పూత, రెండు కొత్త ఫ్యాన్లు, ఏసీ రూము కిటికీ సందులు. పడమటి పక్క మళ్ళీ ఒక వేపమొక్క. అది నీడ ఇచ్చే సరికి మన పిల్లలు పెద్దవాళ్ళవుతారు, అందుకే ఈ ఏడే నాటాల.

మే 4న కత్తిరి మొదలవుతుంది. ఆ నెలలన్నీ గడిచి బిల్లు వచ్చినాక దాన్ని కూడా ఫోటో తీసి పెడతాము. అది మేము చెప్పిన దానికి దగ్గరగా లేకపోతే, పడగొట్టే మాట మళ్ళీ ఎత్తండి, కూర్చొని వింటాము. అప్పటి దాకా ఆ మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వొద్దు. దూలాలకు బేరం అడిగినవాళ్ళకు, అమ్మేది లేదని మేమే చెప్పి పంపించినాము.