ఒలోనెత్సు పాటలను కాపాడినదెవరు?

ఇప్పటి పటములలో పేరు కానరాని మండలమొకటి రష్యా సామ్రాజ్యమునకు ఉత్తరమున నుండెడిది. దానిని ఒలోనెత్సు గుబేర్నియా యనెడివారు. లదోగా, ఒనేగా యను మహాసరస్సుల నడుమ మొదలై తూర్పుగా కర్గోపోలు అడవుల దాక వ్యాపించిన యీ నేలను పూర్వమెన్నడో హిమానీనదములు వాయవ్యమునుండి ఆగ్నేయమునకు గీరిపోయినందున, రాతిగట్లును సరస్సులును నాగటిచాళ్లవలె ఒకదాని ప్రక్క నొకటి వరుసదీరి యుండును. అచట సేద్యమనగా అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో రై ధాన్యమో బార్లీయో చల్లి, నేల సారము తగ్గగానే మరియొక తావు వెదకికొనుటయే. పొలమునుండి ఏరిన రాళ్లు గట్లపై కుప్పలుగా పడియుండును. 1897 నాటి జనాభా లెక్కలలో ఇంత విశాలమైన మండలమున తేలిన జనులు సుమారు 3,64,000 మాత్రమే.

సామ్రాజ్యపు దృష్టిలో ఈ నేలకు మూడే ప్రయోజనములు: ఇనుము, రాయి, ప్రవాసము. పీటరు చక్రవర్తి తన క్రొత్త రాజధానికి శంకుస్థాపన చేసిన 1703లోనే, స్వీడనుతోడి యుద్ధమునకు ఫిరంగులు పోతపోయించుటకై ఒనేగా తీరమున నొక కార్ఖానా పెట్టించెను; దాని చుట్టు వెలసిన పట్టణమే తరువాత మండలమునకు ముఖ్యపట్టణమైన పెత్రోజవోద్స్కు. పారిసులో నెపోలియను శవపేటికకు వాడిన ఎఱ్ఱరాయి ఇచటి షోక్షా గనిలోనిదే. ఇక ప్రవాసమందురా, రాజధానికి గిట్టనివారిని పంపుటకు ఇంత చేరువైన తావు మరొకటి లేకపోవుటచే, దీనిని రాజధాని ప్రక్కనున్న సైబీరియా యని హాస్యమాడెడివారు.

అట్లు పంపబడినవారిలో పావెల్ రీబ్నికోవు ఒకడు. చర్చి సంస్కరణల నంగీకరింపని పాతవిశ్వాసులతో సంబంధము పెట్టుకొన్నాడన్న అనుమానముపై 1859లో పెత్రోజవోద్స్కునకు తరలింపబడి, గవర్నరు కచేరీలో ఉద్యోగమున కుదిరి, గణాంకముల సేకరణకై పల్లెలు తిరుగవలసివచ్చినవాడు. 1860 మే నెలలో పడవపై ఒనేగా దాటుచుండగా గాలి యెదురు తిరిగి, పడవవారు షూయ్‌నవోలోకు అను చిన్న ద్వీపమున ఆగిరి. ఆ దీవిలోని గుడిసె పొగతోను జనముతోను నిండియుండుటచే, అతడు వెలుపలనే మంట ప్రక్కన తేనీరు కాచుకొని త్రాగి, మూటపై నొరిగి కన్నుమూసెను. ఏదియో వింత రాగము చెవిని పడి మెలకువ వచ్చి చూడగా, కొందఱు రైతులు మంట చుట్టు కూర్చుండియుండిరి. వారి నడుమ తెల్లని దట్టపు గడ్డము, చురుకైన చూపు గల వృద్ధు డొకడు నవ్‌గొరోదు వర్తకుడు సద్కో కథను పాడుచుండెను. అతడు లియోంతీ బొగ్దానోవ్. పండితులు ఎన్నడో అంతరించినవని తలచిన బిలీనా లను వీరగాథలు, సంస్థానపు గ్రంథాలయములలో గాక, గాలి తగ్గుటకై వేచియున్న పడవవారి నోట సజీవముగ నుండెనన్నమాట! బొగ్దానోవే తరువాత అతనిని త్రోఫిమ్ ర్యాబినిన్ అను మహాగాయకుని కడకు తోడ్కొనిపోయెను. రీబ్నికోవు సంపుటములు 1861 మొదలు 1867 వరకు వెలువడెను.

ఆ సంపుటములను చదివి ఆశ్చర్యపడి, స్వయముగా చూడవలెనని 1871 వేసవిలో బయలుదేరినవాడు పండితుడు గిల్ఫెర్డింగు. రెండు నెలలలో 70 మంది గాయకులనుండి 318 గాథలు వ్రాసికొని, మరుసటి యేడు మరల వచ్చి, జ్వరము సోకి కర్గోపోలులోనే కన్నుమూసెను. ఈ పాటలు ఇచటనే ఏల నిలిచినవన్న ప్రశ్నకు ఆయన చెప్పిన కారణములు రెండు: స్వేచ్ఛ, అరణ్యము. భూస్వాముల దాస్యము వీరెఱుగరు. బయటి ప్రపంచపు నాగరికత ఇచటికి చేరలేదు.

తరువాత వ్రాసినవారు పెక్కురు ఈ రెండింటిలో అరణ్యమునే పట్టుకొనిరి. రోడ్డు లేదు గనుక పాట మిగిలినదని తేల్చివేయుట సులభము. ఆ మాటలో పాడినవాని ప్రజ్ఞకు చోటులేదు. రోడ్డు లేని ఊళ్లు రష్యాలో వేలున్నవి. వాటన్నిటను బిలీనాలు మిగిలెనా? స్వేచ్ఛ యన్న మాటయైనను సగమే సత్యము. భూస్వామి లేకున్నను ప్రభుత్వ కార్ఖానా ఉండెను. ఈ రైతులను కార్ఖానాలకు దత్తముచేసి, పన్నునకు బదులు కట్టెలు కొట్టించి, బొగ్గు కాల్పించి, పాలరాయి త్రవ్వించుటతో విసిగి, 1769లో ఒనేగా సరస్సులోని కిజీ ద్వీప ప్రాంతపు జనులు తిరుగబడిరి. 1771లో కిజీ చర్చి యెదుట గుమిగూడిన వారిపై సైన్యము ఫిరంగులు ప్రేల్చెను. అటుపై ఇరువది యేండ్లకు పుట్టినవాడు ర్యాబినిన్. బిలీనాల వీరుడు ఇల్యా మూరొమెత్సు రాజు నెదిరించి నిలిచిన ఘట్టమును అతడు పాడునపుడు విన్నవారికి తాతల మాట గుర్తునకు రాకుండునా యని నా సందేహము.

ర్యాబినిన్ విద్యాభ్యాసము నెఱిగినచో అరణ్యవాదము మరింత పలుచబడును. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, ఊరూర వలలు బాగుచేసి పొట్టపోసికొనెను. శీతకాలమున గడియలకొలది కూర్చుండి చేయు ఆ పనిలో ఇల్యా యెలుస్తాఫియెవు వంటి పెద్దలు పాడుచుండ, వల కన్నులతోడనే పాట పంక్తులును అతని చేతికి వచ్చెను. వలలల్లువారు, చెప్పులు కుట్టువారు, బట్టలు కుట్టువారు, పనిని పాటకు జోడించినవారే ఇచటి గాయకులలో పెక్కుమంది. అడవి ఏమియు కాపాడదు. దానిలో పాట కొక పని యున్నంతవరకే పాట యుండును.

ఈ నేలపై ఇట్లు పట్టుబట్టి దాచుకొన్నవా రింకను గలరు. 1694లో వీగ్ నదీతీరమున పాతవిశ్వాసులు నెలకొల్పిన ఆశ్రమసముదాయము, పోవెనెత్సు ఇనుప కార్ఖానాలకు పనిచేయుదుమన్న ఒప్పందముపై పీటరు కాలమున బ్రదికి, లేఖకుల చేతివ్రాతలకు, రాగి శిలువలకు పేరుపొంది, నికొలాయ్ చక్రవర్తి నాటికి మూతపడెను. కిజీ ద్వీపమున 1714లో కట్టిన చర్చి 22 గుమ్మటములతో నేటికిని నిలిచియున్నది. దానిలో మేకే లేదని చెప్పుకొందురు గాని, దూలముల కూర్పునకు మేకులు లేకున్నను గుమ్మటములపై ఆస్పెన్ చెక్కపలకలను బిగించినవి మేకులే. అంత గొప్ప పనికి ఈ కట్టుకథ యేల?

పనితో పాటను నిలుపుకొన్న కథయే కుంటికాలి ఇరీనా ఫెదోసోవాదియు. చదువు రానిది, పెండ్లియింట, చావింట శోకగీతములు పాడుట ఆమె వృత్తి. సెమినరీ ఉపాధ్యాయుడు బర్సోవు ఆమె నోట వేల పంక్తులు వ్రాసికొనెను. 1896లో నీజ్నీ నవ్‌గొరోదు ప్రదర్శనమున ఆమె పాడగా విని కదలిపోయి పత్రికకు వ్రాసినవాడు, ‘అమ్మ’ నవల వలన తెలుగువారికి చిరపరిచితుడైన గోర్కీయే.

1894లో త్రోఫిమ్ కుమారుడు ఇవాన్ మాస్కోలో పాడిన పాటను ఫోనోగ్రాఫు మైనపు గొట్టముపై కెక్కించిరి. స్వరకర్త అరెన్స్కీ ఆ రాగములపై పియానో రచన యొకటి చేసెను. 1902లో ఇవాన్ సోఫియా, బెల్‌గ్రేడు, వియన్నా, ప్రాగు నగరములలో పాడి వచ్చెను. ఇరువది యేండ్లకు, 1922లో, ఒలోనెత్సు మండలమును రద్దుచేసి దాని తాలూకాలను ఇరుగుపొరుగు వారికి పంచిరి. పెత్రోజవోద్స్కు, పూదోజు కరేలియాకును, లొదేయ్‌నోయె పోల్యె, వీతెగ్రా పెత్రోగ్రాదునకును పోయెను. గిల్ఫెర్డింగు కన్నుమూసిన కర్గోపోలు మూడేండ్ల ముందే వొలొగ్దాలో చేరియుండెను.