కొల్లేరును మింగింది ‘మానవ ఒత్తిడి’ కాదు

మెయిన్స్ జవాబుల్లో మనందరికీ అలవాటైన వాక్యం ఒకటుంది: ‘మానవ ఒత్తిడి వల్ల అభయారణ్యాలు క్షీణిస్తున్నాయి.’ జీఎస్-3లో ఏ ప్రశ్నకైనా అతికిపోతుంది. అందుకే అది ఏమీ చెప్పదు. ఏ మానవుడు? ఎవరి ఒత్తిడి? కొల్లేరు దగ్గర నిలబడి ఈ ప్రశ్న వేసుకోండి.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కానీ 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాల్లోనే 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులు, మరో 8.5 శాతం సాగు కనిపించాయి. అంటే సగం సరస్సు అప్పటికే చేజారింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ల్యాండ్ కవర్ మ్యాపులో నీటి విస్తీర్ణం మాత్రమే లెక్కపెడితే చెరువూ నీరే, సరస్సూ నీరే. తేడా గట్టులో ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదలడం కొల్లేరు చేసే పని. గట్లు లేచాక నీరుంటుంది, ఆ పని జరగదు. గూడబాతులు మేసే లోతులేని నీళ్లు తగ్గిపోతాయి. దారి దొరకని వరద లంక గ్రామాల మీద పడుతుంది.

మరి గట్లు వేసిందెవరు? వల, నాటుపడవ తప్ప ఏమీ లేని మత్స్యకారుడు వందల ఎకరాలకు గట్టు వేయలేడు. యంత్రాలకు, పిల్లకు, మేతకు పెట్టుబడి ఉన్నవాడే వేస్తాడు. మత్స్యకార సంఘాల పేరున ఉన్న చెరువులు లీజుల దారిలో బయటి పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు పేల్చారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి.

‘పేదల జీవనోపాధి మాటేమిటి?’ అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. అభయారణ్యాన్ని +3కు కుదించాలన్న డిమాండు వెనక వినిపించేదీ ఆ మాటే. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ మాత్రం కుదింపుకు ఒప్పుకోలేదు. జిరాయితీ రైతుకు పరిహారం ఇవ్వొచ్చు, సంప్రదాయ వేటను కాపాడొచ్చు. ఈ రెంటికీ సరస్సును చిన్నది చేయనక్కర్లేదు. కుదింపు వల్ల ఎక్కువ లాభపడేది ఎక్కువ ఎకరాలు పట్టినవాడే.

కాబట్టి ఈసారి జవాబులో ‘మానవ ఒత్తిడి’ అని రాసి ఆగిపోకండి. ఎవరు, ఏ పెట్టుబడితో, ఎవరి పేరు వాడుకుని చేశారో రాయండి. ఇది మార్కుల కోసం మాత్రమే కాదు. రేపు మీ బల్ల మీదికి ఒక తొలగింపు ఫైలు వస్తుంది. అందులో వల వేసేవాడూ, వంద ఎకరాల లీజుదారుడూ ‘ఆక్రమణదారులు’ అన్న ఒకే మాట కింద ఉంటారు. వాళ్లను విడదీయకుండా సంతకం పెడితే మొదట రోడ్డున పడేది వల వేసేవాడే.